కుందేటి కొమ్ములు: ఱాతిగట్టు పూలమొక్కను పెరటిలో పెంచు విధము

తెలుగువారు జరుగని పనిని గూర్చి చెప్పునప్పుడు దానిని కుందేటి కొమ్ముతో పోల్చుట వాడుక. కుందేటికి కొమ్ములుండవు గనుక లేని వస్తువునకెల్ల ఆ పేరు చెల్లినది. అయినను మెట్ట సీమలలో గుట్టలపై పశువులను కాచిన పెద్దలను అడిగి చూడుడు. కుందేటి కొమ్ములను తాము చూచితిమనియు, ఉప్పు అద్దుకొని తింటిమనియు చెప్పువారు నేటికిని కలరు. వారు చెప్పునది మృగము మాట కాదు, మొక్క మాట. ఱాళ్ళ సందున, ముండ్లపొదల నీడను, ఆకు లేక, ముల్లు లేక, పచ్చని కండ గల కాడలతో జానెడు మొదలు మూరెడు వఱకు లేచి యుండు చిన్న మొక్క అది. వానలు తగిలిన పిదప దాని కొనలయందు ఊదారంగు పూలు పూయును.

ఈ మొక్కను గూర్చి ఈ నెల సంచికలో వ్రాయుటకు రెండు కారణములు గలవు. మొదటిది, పెరటిలో నీటి యెద్దడి గల చోటను, ఱాతి గోడ ప్రక్కను, మఱి యే పూలమొక్కయు బ్రదుకని తావునను ఇది బ్రదుకును. రెండవది, గుట్టలపై దీని సంతతి తఱిగిపోవుటకు కారణములు మన కన్నుల యెదుటనే యున్నవి. పెంచుకొనుట తెలిసినవారు పెకలించుకొనిపోరు. కావున పెంచు విధమును తెలుపుటయే దీనిని కాపాడుటకు మొదటి మెట్టని మా తలంపు.

మన మాట శాస్త్రమున కెక్కిన కథ

మొక్కల శాస్త్రమున ఈ జాతికి కారల్లుమా యని పేరు. ఇది గ్రీకు మాటయు లాటిను మాటయు కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగా వచ్చి, సామర్లకోటలో తోట వేసి, మన తీరపు మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు దొర, ఇచ్చటి చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించి, కోరమండల తీరపు మొక్కలను గూర్చి పెద్ద గ్రంథమును సిద్ధపఱచెను. దాని ప్రకటన 1795లో లండనునందు ఆరంభమైనది. ఆ గ్రంథమున ఈ మొక్కను వర్ణించుచు, తెలుగువారు దీనిని కారల్లమందురని ఆయన వ్రాసెను. పిదప 1810లో రాబర్టు బ్రౌను అను శాస్త్రజ్ఞుడు ఈ జాతిని వేఱుచేసి పేరు పెట్టునప్పుడు ఆ తెలుగు మాటనే గైకొనెనని వృక్షశాస్త్రజ్ఞులలో పలువుర అభిప్రాయము. నేడు ఆఫ్రికాయందును అరేబియాయందును పెరుగు దీని జ్ఞాతులను సహితము లోకమంతయు ఈ పేరుతోనే పిలుచుచున్నది. మన పశుల కాపరుల నోటి మాట ఇంత దూరము పోయినది. మన పిల్లలకు మాత్రము ఆ మాటయు తెలియదు, మొక్కయు తెలియదు.

మన మెట్టలలో ముఖ్యముగ రెండు రకములు కానవచ్చును. ఒకటి సన్నని కాడలది. దాని కాడ పైకి పోయిన కొలది సన్నబడును. ఆ సన్నని కొనల పొడుగున ఒక్కొక్కటిగ చిన్న పూలు వ్రేలాడును. రెండవది లావుపాటి నాలుగు పలకల కాడలది. దాని కొనయందు గుత్తముగ ఒకే బంతివలె నల్లని ఊదా పూలు, పసుపుపచ్చని చారలతో పూయును. ఈ రెంటిని కుందేటి కొమ్ములనియే పిలుచు ఊళ్ళు గలవు. రెంటికిని పూల పిదప జంటకాయలు సన్నగ, పొడవుగ, నిటారుగ లేచును. ఆ జంటను చూచినవారికి కొమ్ములు జ్ఞప్తికి రాక మానవు. కాయ పగిలిన యెడల జిల్లేడు గింజవలెనే పట్టుకుచ్చు గల గింజలు గాలికెగిరి పోవును. జిల్లేడునకును దీనికిని చుట్టఱికము గలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. బొంతజెముడు లేతకొమ్మయు దూరమునుండి ఇట్లే పలకలు దీరి కనబడును. దానిని గిల్లిన తెల్లని పాలు కారును. ఆ పాలు కంటబడిన కంటికి ముప్పు, నోటబడిన నోరు పొక్కును. కుందేటి కొమ్మును విఱిచిన పాలు రావు. నీరువంటి రసము మాత్రమే వచ్చును. పాలు కారిన మొక్కను ముట్టకుడని పిల్లలకు ముందుగనే చెప్పి యుంచవలెను.

చలికొండల బంధువులు

ఇతర దేశములలో ఇట్టి పొట్టి కండమొక్కలను ఱాళ్ళ మధ్య పెంచుట గొప్ప వేడుక. మంచుకొండల వాలులయందు నేల పలుచన, గాలి మిక్కుటము, నీరు నిలువదు. అట్టి చోటులలో మొక్క పొట్టిగ ముద్దగ పెరిగి, ఆకులలో నీరు దాచుకొని, కాలము వచ్చినప్పుడు ఒక్క పెట్టున పూయును. ఐరోపాలో ఇండ్ల కప్పులపై పెరుగు గులాబివంటి కండమొక్క యొకటి గలదు. సుమారు 800వ సంవత్సరపు కాలమున షార్లమేను చక్రవర్తి తన ఎస్టేటుల నిర్వహణకై యిచ్చిన శాసనమున, తోటమాలి తన యింటిపై ఆ మొక్కను పెంచవలెనని వ్రాయబడి యున్నది. అది పిడుగుపాటునుండి ఇంటిని కాచునని వారి నమ్మిక.

ఉత్తర అమెరికాలోని ఱాతికొండలలో మఱియొక చిన్న మొక్క గలదు. అది మన పావిలికూర వంశమునకు దగ్గఱి చుట్టము. 1806లో మెరివెదర్ లూయిస్ అను అన్వేషకుడు దానిని సేకరించి ఎండబెట్టి కొనిపోయెను. కొన్నియేండ్లు ఎండి యున్న ఆ వేరును నాటగా అది చిగిర్చినదట. అందుచే శాస్త్రజ్ఞులు దానికి లూయిస్ పేరును చేర్చి, మరల బ్రదికినది యను అర్థము గల పేరు పెట్టిరి. 1895లో మొంటానా రాష్ట్రమువారు దానినే తమ రాష్ట్ర పుష్పముగ స్వీకరించిరి. అచ్చటి మూలవాసులు దాని చేదువేరును వండుకొని తినెడివారు. ఎండను సహించుట, చేదుగ నుండుట, పేదల ఆకలి తీర్చుట, ఱాతిపై పూయుట యను ఈ గుణములన్నిటను అది మన కుందేటి కొమ్మునకు సాటి.

అట్లయిన ఆ మొక్కనే తెప్పించి నాటరాదా యని అడుగువారుందురు. దానికి శీతకాలపు మంచు కావలెను. మనకున్నది రెంటచింతల ఎండ. పల్నాటి వేసవిలో రాత్రియు చల్లబడదు. పగటి ఎండకంటె రాత్రి వేడియే ఆ చలికొండ మొక్కలను చంపును. వానకాలపు ఉక్క మిగిలిన వానిని కుళ్ళబెట్టును. సీమ మొక్కకై డబ్బు పోసి, చల్లని నీడ వేసి, చివరకు బూజు చూచుటకంటె, మన ఎండలోనే పుట్టి పెరిగిన మొక్కను తెచ్చుకొనుట మేలు.

పరదేశపు కండమొక్క మితిమీఱి బ్రదికినను కష్టమే. నాగజెముడు మన దేశపుది కాదు, అమెరికానుండి వచ్చినది. ఎఱ్ఱరంగునిచ్చు పురుగును దానిపై పెంచుటకు కంపెనీవారు ప్రయత్నించిరి. 1795లో ఒక అధికారి రంగుపురుగనుకొని బ్రెజిలునుండి వేఱొక పిండినల్లిని తెచ్చెను. మేలైన రంగు రాలేదు, మొక్కలు మాత్రము కొన్ని చచ్చెను. మఱియొక రకపు నాగజెముడు దక్షిణదేశపు బీళ్ళను ఎంతగ కమ్ముకొనెననగా, దానిని అణచుటకు 1926లో వేఱొక పిండినల్లిని తెప్పించి వదలవలసి వచ్చినది. కావున తెలియని పరాయి మొక్కను గట్టున నాటుటకు ముందు రైతు పదిమాఱులు ఆలోచింపవలెను. కుందేటి కొమ్ముతో ఆ భయము లేదు. ఇది ఈ నేలది; దీనిని తినునవియు అణచునవియు ఇచ్చటనే యున్నవి.

మొక్క బ్రదుకు తీరు

పెంచబోవువాడు ముందుగ మొక్క మర్మమును గ్రహింపవలెను. సామాన్యముగ మొక్కలు పగటివేళ ఆకుల రంధ్రములను తెఱచి గాలిని పీల్చుకొనును. ఆ రంధ్రములనుండియే నీరు ఆవిరియై పోవును. కుందేటి కొమ్మునకు ఆకులు ఉన్నవనిపించుకొనుటకు మాత్రమే యుండి రాలిపోవును. పచ్చని కాడయే ఆకు పని చేయును. అదియును పగలు రంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిదప తెఱచి, కావలసిన గాలిని పీల్చి దాచుకొని, మఱునాడు సూర్యుని వెలుతురున దానితో ఆహారము వండుకొనును. ఇంటి యజమాని పగలు తలుపు మూసి రాత్రి సంతకు పోయినట్లుండును దీని కాపురము. అందుచే దీనికి నీటి ఖర్చు మిక్కిలి తక్కువ.

ఇట్టి మొక్కకు నీరు ఎక్కువైన అది చెల్లించుకొనలేదు. వేళ్ళు ఊపిరాడక కుళ్ళును, ఆ కుళ్ళు కాడలోనికి ఎక్కును. ఇది చచ్చుట చాలవఱకు దాహమువలన గాదు, మన దయవలన. ఈ ఒక్క మాటను జ్ఞాపకముంచుకొన్న తక్కినదంతయు సులభము.

మన ప్రాంతపు రైతునకు ఈ మాట చెప్పవలసిన అగత్యము మఱింత యున్నది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిన పిదప, పల్నాటి మెట్టలలో అనేక భాగములకు కుడికాలువ నీరు వచ్చినది. ప్రత్తియు మిరపయు పచ్చబడినవి. వాడిన మొక్కను చూచిన తోడనే తడి పెట్టుట మన చేతికి అలవాటైనది. మిరపకు అది మేలు చేయును. కుందేటి కొమ్మునకు అదే మిత్తి.

నేల సిద్ధపఱచుట

క్రోసూరు ప్రాంతమున విస్తారముగ నున్న నల్లరేగడి ప్రత్తికి తల్లివంటిది. ఈ మొక్కకు మాత్రము సవతితల్లి. రేగడి తడిసిన ఉబ్బి నీటిని విడువదు, ఎండిన బీటలువాఱి వేళ్ళను త్రెంచును. కావున రేగడిలో గుంట త్రవ్వి అందులో నాటరాదు. గుంట త్రవ్విన అది చుట్టుప్రక్కల నీటికి తొట్టి యగును. నేలపైకి దిబ్బ లేవదీయవలెను.

పెరటిలో తూర్పు గోడ ప్రక్కను, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నము నీడ పడు తావును ఎన్నుకొనుడు. గుట్టలపై ఈ మొక్క బట్టబయట నుండుట అరుదు. ఏదేని ముండ్లపొద మొదటనో, పెద్ద ఱాతి నీడనో యుండును. పొద దానిని ఎండనుండియు మేకల నోటినుండియు కాచును. ఆ వాడుకను మనమును పాటింపవలెను.

ఎన్నుకొన్న చోట అడుగున ఇటుకముక్కలుగాని నాపరాతి పెంకులుగాని జానెడు మందమున పఱచుడు. దానిపై ముతక ఇసుక రెండు తట్టలు, ఎఱ్ఱమన్ను ఒక తట్ట, కందిగింజంత మొదలు ఉసిరికాయంత వఱకు గల ఱాతిముక్కలు ఒక తట్ట, బాగుగ మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు కలిపి, అడుగున్నర యెత్తు దిబ్బగ పోయుడు. నాపఱాళ్ళను నిలువుగ వాలుగ అందందు పాతిన యెడల మట్టి జాఱకుండుటయే గాక వేళ్ళకు చల్లని సందులేర్పడును. పల్నాటిలో నాపఱాయికి కొఱత లేదు. మన ఇంటి అరుగులు, గోడలు దానివే. విఱిగిపోయి మూలబడిన పలకలు ఈ పనికి చాలును. ఒక్క సంగతి: పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చిన సున్నమును మాత్రము ఇందులో కలుపరాదు. ఱాయి వేఱు, కాల్చిన సున్నము వేఱు; సున్నము వేళ్ళను కాల్చును.

దిబ్బకు చోటు లేనివారు అడుగున రంధ్రము గల మట్టి కుండీలో ఇదే మిశ్రమము నింపవచ్చును. పింగాణి పాత్రయు ప్లాస్టిక్కు తొట్టియు నీటిని లోపలనే నిలుపును. మట్టిపాత్ర ప్రక్కలనుండి నీటిని విడుచును. పగిలిన కడవ అడుగుభాగము ఇందుకు చక్కగ సరిపోవును. దిబ్బపై వాన నీరు పోసి చూచినట్లు ఒక బిందె నీరు పోయుడు. పోసిన నీరు వెంటనే అడుగునకు దిగిన నాటవచ్చును. పైన నిలిచిన ఇంకను ఇసుకయు ఱాతిముక్కలును కలుపవలెను.

కొమ్మ తీయుట, నాటుట

ఈ మొక్కకు వేరుతో పని లేదు, కొమ్మయే విత్తనము. గుబురులో ముదిరిన పచ్చని కాడను ఎన్నుకొని, పదునైన కత్తిని కాచి చల్లార్చి, కణుపువద్ద నాలుగైదు అంగుళముల ముక్కను కోయవలెను. ఒక గుబురునుండి నాల్గవ వంతుకంటె ఎక్కువ తీయరాదు. పూచుచున్న కొనలను, కాయలున్న కొమ్మలను ముట్టరాదు. వేరు కదలిన గుబురు మఱునాటి ఎండకే కూలును. వేరు నిలిచిన గుబురు వచ్చు వానకు మరల పిలకలు వేయును.

కోసిన ముక్కను ఆ దినముననే నాటువాడు దానిని పోగొట్టుకొనును. కోసిన గాయము పచ్చిగ నుండగ మట్టి తగిలిన కుళ్ళు పట్టును. నీడలో, గాలి తగులు చోట, చేటలోనో చాపపైననో ఐదారు దినములు ఆఱనీయుడు. గాయముపై తెల్లని పొర గట్టిపడి, వ్రేలితో తాకిన తడి అంటకుండవలెను. అప్పుడు ముక్కను అంగుళము లోతునకు మించకుండ దిబ్బలో గ్రుచ్చి, పడిపోకుండ చిన్న ఱాతిని ఆసరాగ నుంచుడు. వారము దినముల వఱకు నీరు పోయరాదు. అటు పిమ్మట ఒక చెంబు నీటిని నాలుగైదు ముక్కలకు పంచి చల్లిన చాలును. మూడు నాలుగు వారములలో ముక్కను మెల్లగ లాగి చూచిన అది ఎదురుపట్టు పట్టును. వేరూనినదనుటకు అదియే గుర్తు.

కాలమునకు వచ్చిన, మృగశిర కార్తెలో కొమ్మ కోసి ఆఱబెట్టి, ఆరుద్రలో నాటుట అనుకూలము. వేసవి వేడి తగ్గును, మొక్క పెరుగుదలకు సిద్ధముగ నుండును. పెద్దవానలు పట్టినప్పుడు మాత్రము కుండీలను చూరు క్రిందికి చేర్చవలెను. దిబ్బపై తాటాకు వాలుగ కప్పవలెను. మాఘ ఫాల్గుణములలో నాటినను బ్రదుకును గాని, వేసవి మొదటి నెలలలో మధ్యాహ్నపు నీడ తప్పక యుండవలెను.

గింజతో పెంచగోరువారు కాయ పగులుటకు ముందే దానికి పలుచని గుడ్డ కట్టి యుంచుడు. లేనియెడల గింజలు గాలి పాలగును. తాజా గింజను తడి ఇసుకపై పైపైన చల్లి నీడనుంచిన త్వరగ మొలచును. మొలకకు మొదటి యేడు శ్రద్ధ ఎక్కువ కావలెను. కొమ్మ మార్గమే సామాన్యులకు సులువు.

నీరు, ఎరువు, తెగుళ్ళు

వేరూనిన మొక్కకు వేసవిలో పది పదునైదు దినములకొక తడి, శీతకాలమున మూడు వారములకొక తడి చాలును. వానలు పడునప్పుడు అసలే అక్కఱలేదు. తడి పెట్టుటకు ముందు మిశ్రమములో వ్రేలు దూర్చి చూడవలెను. లోపల చల్లగ తగిలిన ఆ దినము నీరు మాని వేయుడు. వేసవిలో కాడ కొంచెము ముడుతలు పడి ఎఱ్ఱబారిన భయపడవలదు. అది తన నీటిని తాను పొదుపు చేసికొనుట. కాడ మెత్తబడి పసుపుపచ్చనై మొదట నల్లబడినచో అప్పుడే భయపడవలెను. అది దాహము గాదు, కుళ్ళు.

కుళ్ళు కనబడిన వెంటనే మొక్కను తీసి, నలుపు లేని పచ్చని భాగము దొరకువఱకు కోసి, నల్లని భాగమును దూరముగ పాఱవైచి, మంచి ముక్కను మరల ఆఱబెట్టి క్రొత్త ఇసుకలో నాటవలెను. మొదలు పోయినను కొన మిగిలిన వంశము నిలుచును.

యూరియా వేయుట పనికిరాదు. బలిసిన కాడ పూయదు, నిలువదు, పురుగును పిలుచును. ఏటికొకసారి వానలకు ముందు పిడికెడు మాగిన ఎరువు మొదటినుండి కొంచెము ఎడముగ చల్లిన చాలును. ప్రత్తి రైతులకు పిండినల్లి కొత్త గాదు. ఈ మొక్కపైనను పిండినల్లి కణుపు సందులలో తెల్లగ చేరును. సబ్బునీట తడిపిన గుడ్డతో తుడిచి, తర్వాత వేపగింజల కషాయమును వడగట్టి చల్లిన పోవును. ఘాటైన మందులతో పని లేదు.

మందుల మాట వచ్చినది గనుక మఱియొక సంగతి. మిరప చేని గట్టున, ప్రత్తి చేని గట్టున దీనిని నాటవలదు. చేనిపై చల్లిన మందు గాలికి వచ్చి కాడలపై పడును. కలుపుమందు తుంపర తగిలిన మొక్కయే మాడును. గట్టులపై మిగిలియున్న మొక్కలు చాలవఱకు ఇట్లే పోవును. ఇంటి పెరడు, గుడి ఆవరణ, బడి తోట, బావి దగ్గఱి ఎత్తైన ఱాతిగట్టు దీనికి తగిన చోటులు.

పూలవాసనను గూర్చి ముందుగనే చెప్పుట న్యాయము. ఈ పూలకు మల్లె వాసన రాదు. లావుకాడల రకమునకు కొంచెము నీచు వాసన యుండును. ఈగలే దీనికి తేనెటీగలు. వానిని పిలుచుటకే ఆ వాసన. కావున దానిని వాకిట గుమ్మము ప్రక్కన గాక దూరముగ నాటవలెను. సన్నకాడల రకమునకు వాసన తక్కువ. దానిని కిటికీ దగ్గఱనైనను ఉంచవచ్చును. దగ్గఱకు పోయి చూచిన పూరేకు అంచున సన్నని నూగు గాలికి అల్లలాడుచుండును. బడిపిల్లలకు చూపదగిన వింత అది.

ఆహారము, ఔషధము

మెట్టసీమలలో దీని లేతకాడలను పచ్చిగ ఉప్పుతో నమలుటయు, పచ్చడి చేయుటయు గలదు. పలకల అంచులను చెక్కి, ముక్కలు చేసి, ఉడికించి, ఆ నీటిని పాఱబోసిన చేదు కొంత తగ్గును. పిదప చింతపండు, మిరపకాయలు చేర్చి నూఱుకొందురు. మొదటిసారి తినువారు కొంచెముగ రుచి చూచి ఆగుట మంచిది.

ఇది మధుమేహమునకు మందని జనవాడుక. స్థూలకాయము తగ్గించునని చెప్పి దీని సారమును గుళికలుగ చేసి దేశవిదేశములలో అమ్ముచున్నారు. 2007లో ప్రకటింపబడిన బెంగుళూరు పరిశీలన యొకటి గలదు. అందు 50 మంది పాల్గొనిరి. వారిలో కొందఱికి 60 దినములు దినమునకొక గ్రాము చొప్పున ఈ సారమును, తక్కినవారికి మందులేని గుళికను ఇచ్చిరి. సారము పుచ్చుకొన్నవారికి ఆకలియు నడుము కొలతయు కొంత తగ్గెనని వ్రాసిరి. శరీరపు బరువులో మాత్రము రెండు వర్గములకును చెప్పదగిన భేదము కనబడలేదు. ఇంత చిన్న పరిశీలనవలన పెద్ద మాటలు చెప్పుట తగదు. మధుమేహమునకు మందు వాడువారు దీనిని నమ్మి మందు మానరాదు. గర్భిణులు వైద్యుని అడుగక తినరాదు. కూరగ తినుట వేఱు, మందుగ మ్రింగుట వేఱు.

గుట్టపై జరుగుచున్నది

ఎచ్చటనైనను అడవి మొక్కకు పట్నమున గిరాకి పుట్టిన, దాని భారమంతయు గుట్టపై పడును. కొనువాడు తూకముకు డబ్బిచ్చును; తూకముకు వేరుతో సహ పెకలించుటయే కూలివానికి లాభము. ఒక వానకాలపు లాభము పది వానకాలముల సంతతిని మ్రింగును. దీనికి తోడు నాపరాతి క్వారీలు, గుట్ట మొదటి వఱకు సాగిన సేద్యము, ఎండకాలపు నిప్పు, కలుపుమందు ఉండనే యున్నవి. మొక్క చిన్నది గావున పోయినప్పుడు ఎవరికిని తెలియదు. పెద్ద చెట్టు కొట్టిన ఊరంతయు చూచును. కుందేటి కొమ్ము పోయిన పశుల కాపరికి తప్ప తెలియదు, ఆ కాపరులును తగ్గుచున్నారు.

గుట్ట అటవీ శాఖవారిదైన అనుమతి లేక అందలి మొక్కను తెచ్చుట నేరము. అదియుగాక 2002 సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థయందును జీవవైవిధ్య నిర్వాహక సంఘముండవలెను. ఊరి మొక్కలను, వాని వాడుకలను తెలుపు పట్టికను వ్రాయించుట ఆ సంఘపు పని. మన పంచాయతీ పట్టికలో కుందేటి కొమ్ము చేరినదో లేదో సభ్యులు కనుగొని, చేరనియెడల చేర్పింపవలెను. పెద్దలకు తెలిసిన వంటయు వాడుకయు వారితోనే పోకుండ అందు వ్రాయింపవచ్చును.

ఈ మాటలు చెప్పుటలో, మిరప తీసివైచి కుందేటి కొమ్ములు ఎకరములకొలది నాటుడని మా అభిప్రాయము గాదు. దీనికి నిలుకడ గల సంత మన ప్రాంతమున లేదు. మొక్కలు మేమిత్తుము, పంట మేమే కొందుమని చెప్పి ముందుగ సొమ్ము పుచ్చుకొను వర్తకుని మాటను, వ్రాతమూలకమైన ఒడంబడికయు పూచీయు లేక నమ్మరాదు. ఔషధపు మొక్కల పేరిట ఇట్టి మాటలు నమ్మి నష్టపడిన రైతులు మన రాష్ట్రమున లేకపోలేదు. ఇది పెరటికి మొక్క, వంటకు రుచి, గుట్టకు వారసత్వము. అంతవఱకే దీనిని గణింపవలెను.

కొమ్మల నాగు

ఇక సహకార సంఘము చేయదగిన పని యొకటి గలదు. పూర్వము రైతులు విత్తనపు గింజలను నాగుకు తెచ్చుకొనెడివారు. తెచ్చిన గింజకు పంట వచ్చిన పిదప మఱికొంత గింజ చేర్చి తీర్చెడివారు. ఆ నాగు వడ్డీ పేదవానిని పీడించిన కాలమును గలదు. ఆ పీడ తొలగించుటకే సహకార సంఘములు పుట్టినవి. కొమ్మల విషయమున ఆ నాగే ధర్మమగును. ఏలయనగా ఇచ్చట వడ్డీని చెల్లించునది రైతు గాదు, మొక్క.

దాని పద్ధతి ఇట్లుండవచ్చును. సంఘపు గిడ్డంగి ప్రక్కన తూర్పు గోడకు ఒక్క దిబ్బ వేయవలెను. క్వారీకో, దారికో, ఇంటిస్థలమునకో చదును చేయబోవు పట్టా భూమిలో ఈ మొక్కలున్న యెడల, ఆ యజమాని అనుమతితో యంత్రము రాకముందే గుబురులను తెచ్చి ఆ దిబ్బపై నాటవలెను. ఎట్లును పోవలసిన మొక్కలే గనుక ఆ తావున వేరుతో తీసినను దోషము లేదు. మఱుసటి యేడు దిబ్బనుండి సభ్యునకు ఐదు కొమ్మల చొప్పున ఇచ్చి పుస్తకమున వ్రాసికొనవలెను. రెండేండ్లకు ఆ సభ్యుడు పది కొమ్మలు సంఘమునకు చెల్లింపవలెను. పదిమంది సభ్యులు 50 కొమ్మలు కొనిపోయిన 100 తిరిగి వచ్చును. ఆ నూఱు మఱి యిరువదిమందికి చాలును. కొన్ని కుళ్ళినను, కొన్నిటిని మేకలు తిన్నను లెక్క ముందుకే నడచును. కొమ్మలు పోగొట్టుకొన్నవానికి జరిమానా అక్కఱలేదు. ఎట్లు పోయినవో పదిమందికి చెప్పిన చాలును. నీరు ఎక్కువ పోసితినని చాలమంది చెప్పుదురని మా ఊహ.

బడిపంతుళ్ళు ఒక దిబ్బను బడిలో వేయించిన పిల్లలకు వృక్షశాస్త్రము, తెలుగు భాష, సహకార ధర్మము మూడును ఒక్కచోట తెలియును. కుండీలను చూచుకొను పని ఇండ్లలో చాలవఱకు ఆడువారిదే గనుక, కొమ్మలను వారి చేతికే ఇచ్చి, నీటిని గూర్చిన హెచ్చరికను వారికే ముందు చెప్పవలెను.

2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాయైనది. ఆ సీమ పేరు తలచిన వీరుల కథలు, నాపఱాయి, మండుటెండ జ్ఞప్తికి వచ్చును. ఆ ఱాతిపైనే, ఆ ఎండలోనే పూయు పూవొకటి మనకున్నదని చెప్పుకొనుట గొప్పయే గదా. వచ్చు మృగశిరకు ప్రతి సభ్యుడును ఒక తట్ట ఇసుకయు, నాలుగు నాపరాతి ముక్కలును సిద్ధము చేసికొనవలెనని మా మనవి. కొమ్మను సంఘమునుండియో, పెంచుచున్న పొరుగువారినుండియో తెచ్చుకొనుడు. గుట్టపై నున్నదానిని గుట్టపైననే ఉండనిండు.